యూకేలో పరాయివాళ్ళ పొలంలోంచి భయపడకుండా నడిచి వెళ్ళడం ఎలా

ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది వేసవిలో నేనూ మా రూమ్మేటూ ఊరి బయటికి అలా నడుచుకుంటూ పోతే, ఒకచోట చెక్క స్తంభానికి పచ్చ బోర్డు, దాని మీద పబ్లిక్ ఫుట్‌పాత్ అని రాసి బాణం గుర్తు. ఆ బాణం చూపించేది మాత్రం నేరుగా ఎవరిదో గోధుమ చేలోకి. గేటు ముందు పది నిమిషాలు నిలబడ్డాం. రైతు చూస్తే ఏమంటాడో, కుక్కని వదుల్తాడేమో, పోలీసుల్ని పిలిస్తే వీసా సంగతేంటి, ఇదే చర్చ. సరే ఎందుకొచ్చిన గొడవ అని వెనక్కి తిరుగుతుంటే ఒక ముసలావిడ చేతికర్ర పట్టుకుని వచ్చి, మాకు గుడ్ మార్నింగ్ చెప్పి, అదే గేటు తీసుకుని చేను మధ్యలోంచి హాయిగా వెళ్ళిపోయింది. మేం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

అప్పుడు తెలియనిది ఏంటంటే, చేను రైతుదే గానీ అందులోంచి పోయే దారి మీద నడిచే హక్కు జనానిది. మన ఊళ్ళలో డొంక ఉంటుంది కదా, మా గుంటూరు వైపు డొంక అంటాం, గోదావరి వైపు పుంత అంటారు, తెలంగాణలో బండ్ల బాట, దానికి దగ్గర్లో ఉండేదే ఇది. కాకపోతే మన డొంక మామూలుగా పోరంబోకు, సర్కారు లెక్కలో ఉంటుంది (అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఏటా ఒక అడుగు కలిపేసుకుంటారు, అది వేరే కథ). ఇక్కడ కాళ్ళ కింద మట్టి కూడా రైతుదే, మీకున్నది దాని మీద నడుచుకుంటూ పోయే హక్కు మాత్రమే. ఈ ముక్క బుర్రకెక్కితే మిగతా రూల్స్ అన్నీ దాంట్లోంచే వస్తాయి.

ఇంకో తికమక, ఫుట్‌పాత్ అంటే మనకి రోడ్డు పక్కన తోపుడుబళ్ళు పెట్టుకునేది. ఇక్కడ దాన్ని పేవ్‌మెంట్ అంటారు. ఫుట్‌పాత్ అంటే పొలాల్లోంచి, అడవిలోంచి, ఒక్కోసారి ఎవరింటి వాకిట్లోంచి కూడా పోయే కాలిబాట. ఇంగ్లండ్, వేల్స్ కలిపి ఇలాంటి హక్కు దారులు సుమారు 1,40,000 మైళ్ళు ఉన్నాయి. మీరు ఏ ఊళ్ళో ఉన్నా అరగంట నడిస్తే ఒకటి తగుల్తుంది.

ముందు ఏ దేశంలో ఉన్నారో చూసుకోండి

యూకే అని ఒకటే మాట అంటాం గానీ నేల దగ్గరికొచ్చేసరికి రూల్స్ వేరువేరు. ఇంగ్లండ్, వేల్స్‌లో మ్యాప్‌లో గీసిన దారుల మీద నడవొచ్చు, అది కాకుండా కొన్ని కొండలు, బీళ్ళలో ఎటైనా తిరగొచ్చు. స్కాట్లాండ్‌లో లెక్క తిరగబడుతుంది, దాదాపు అంతా తిరగొచ్చు, వద్దన్న చోట్లే కొన్ని. నార్తర్న్ ఐర్లాండ్‌లో ఇలాంటి హక్కు దారులు చాలా తక్కువ, అక్కడ అడక్కుండా పొలాల్లోకి దిగొద్దు, ఫారెస్ట్ పార్కులు, బోర్డులు పెట్టిన రూట్లతో సరిపెట్టుకోండి. స్కాట్లాండ్ సంగతి చివర్లో చెప్తా, మనవాళ్ళు ఎక్కువ మంది ఉండేది ఇంగ్లండ్‌లోనే కాబట్టి ముందు అది.

మ్యాప్ చదవడం నేర్చుకోండి, గూగుల్‌ని నమ్మొద్దు

గూగుల్ మ్యాప్స్ రోడ్లకి దేవుడు, పొలాలకి పనికిరాదు. కొన్ని దారులు చూపిస్తుంది, కొన్ని చూపించదు, చూపించినదాంట్లో ఏది హక్కున్న దారో ఏది రైతు ట్రాక్టర్ తోలుకునే దారో చెప్పదు. కావాల్సింది ఓఎస్ మ్యాప్, అంటే ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళది. ఫోన్‌లో యాప్ ఉంది, డబ్బులు కట్టి వాడుకునేది, లేదా కాగితం మ్యాప్ కొనుక్కోవచ్చు, నాకైతే మొదటిది మా లైబ్రరీలోనే దొరికింది. కొనేటప్పుడు ఆరెంజ్ అట్ట ఉన్న ఎక్స్‌ప్లోరర్ తీసుకోండి, అందులో నాలుగు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటర్. పింక్ అట్ట ల్యాండ్‌రేంజర్‌లో చేల కంచెలు కనిపించవు, కంచె కనిపించకపోతే దారి గట్టుకి ఇటు పక్కో అటు పక్కో ఎలా తెలుస్తుంది.

ఎక్స్‌ప్లోరర్‌లో చూడాల్సినవి ఇవీ. పచ్చ రంగులో చిన్న చిన్న గీతలు వరసగా ఉంటే అది ఫుట్‌పాత్, నడకకి మాత్రమే. పచ్చవే పొడుగు గీతలైతే బ్రైడిల్‌వే, నడవొచ్చు, గుర్రం మీద పోవచ్చు, 1968 నుంచి సైకిల్ కూడా తొక్కొచ్చు, కానీ సైకిల్ వాళ్ళు నడిచేవాళ్ళకీ గుర్రాలకీ దారివ్వాలి. బైవే అని ఇంకో రకం ఉంది, అందులో బళ్ళు కూడా వస్తాయి. ఇక నల్ల గీతలు, ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. నల్ల చుక్కల గీత అంటే నేల మీద దారి ఉంది అని మాత్రమే, దాని మీద మీకు హక్కు ఉందని కాదు. పచ్చది హక్కు, నల్లది కేవలం దారి. ఇదొక్కటి గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

లేత పసుపు రంగు పూసి చుట్టూ నారింజ అంచు ఉన్న ప్రాంతం కనిపిస్తే అది యాక్సెస్ ల్యాండ్, దాని గురించి కిందన చెప్తా.

ఎక్కడైనా డౌట్ వస్తే, ఆఖరి మాట ఓఎస్‌ది కూడా కాదు, అక్కడి కౌన్సిల్ దగ్గరుండే డెఫినిటివ్ మ్యాప్‌ది. 1949లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి కౌంటీ తన దారులన్నీ సర్వే చేసి అందులో ఎక్కించాలి. మన గ్రామ నక్ష లాంటిదే అనుకోండి, కాకపోతే దీని కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదు, చాలా కౌన్సిళ్ళు వెబ్‌సైట్‌లోనే పెడతాయి. అందులో గీత ఉందంటే హక్కు ఉన్నట్టే, భూమి చేతులు మారినా, కొత్త ఓనర్‌కి ఇష్టం లేకపోయినా, పదేళ్ళుగా ఎవరూ నడవకపోయినా ఆ హక్కు పోదు.

నాకు బాగా నచ్చిన రూల్ ఒకటి, 20 ఏళ్ళ పాటు జనం ఒక దారి మీద దొంగచాటుగా కాకుండా, పర్మిషన్ అడక్కుండా, గొడవ పడకుండా నడిస్తే, ఓనర్ ఆ దారిని జనానికి ఇచ్చేసినట్టే చట్టం అనుకుంటుంది, 1980 హైవేస్ యాక్ట్‌లో ఉంది ఇది. అందుకే కొంతమంది ఓనర్లు తెలివిగా పర్మిసివ్ పాత్ అని బోర్డు పెడతారు, అంటే నేను దయతలచి రానిస్తున్నా, హక్కు మాత్రం లేదు అని. ఏడాదిలో ఒక రోజు గేటు మూసేస్తారు కూడా, ఆ 20 ఏళ్ళ లెక్క తెగిపోవాలని. అలాంటి బోర్డు కనిపిస్తే నడవండి, కానీ మూసి ఉంటే వాదించకండి.

మొదటి నడక

మొదటిసారే పది మైళ్ళు పెట్టుకోకండి. మాంచెస్టర్, షెఫీల్డ్ వైపు ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఈడేల్ అనే పల్లె. రెండు ఊళ్ళ నుంచీ రైలు ఉంది, స్టేషన్ దిగితే ఎదురుగా కొండలు, కారు అక్కర్లేదు. ఓల్డ్ నాగ్స్ హెడ్ పబ్ దగ్గర నుంచి పెన్నైన్ వే అనే దూరపు కాలిబాట మొదలవుతుంది, 1965లో తెరిచారు, 268 మైళ్ళు స్కాట్లాండ్ దాకా పోతుంది, మీరు కంగారు పడకండి, మీరు నడవాల్సింది అప్పర్ బూత్ అనే పల్లె దాకా, రెండు మైళ్ళ లోపే. దారంతా గొర్రెల మేత పొలాలు, రాతి గోడలు, వరసగా గేట్లు. అది బాగానే ఉంది ఇంకా ఓపికుంది అనిపిస్తే జేకబ్స్ ల్యాడర్ అనే రాతిమెట్ల మీదుగా కిండర్ కొండ పైకి ఎక్కండి, లేదంటే వెనక్కొచ్చి పబ్‌లో చిప్స్ తినండి. కిండర్ పైన మబ్బు దిగిందంటే పది గజాల దూరం కనపడదు, మ్యాప్, దిక్సూచి వాడడం రాకుండా పైకి పోవద్దు.

వేరే ఊళ్ళలో ఉన్నవాళ్ళు మీ ఇంటి చుట్టూ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, ఒక రైల్వే స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి పచ్చ గీతలు కలుపుకుంటూ ఒక రూట్ వేసుకోండి. బాగా పనికొచ్చే పద్ధతి ఇది, తిరిగి వచ్చిన దారినే రానక్కర్లేదు.

బూట్ల గురించి ఒక్క మాట, స్పోర్ట్స్ షూస్ వేసవిలో ఓకే, అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా మాత్రం బురద. మా నల్లరేగడి చూసి పెరిగినవాణ్ణి, బురద నాకు కొత్త కాదు అనుకున్నా, గేటు దగ్గర ఆవులన్నీ తొక్కి తొక్కి చేసిన గుంటలో చీలమండ దాకా దిగబడి ఒక షూ అందులోనే వదిలేసి సాక్స్‌తో బయటికొచ్చా. నీళ్ళు, వాన కోటు, ఫోన్ ఛార్జింగ్ ఇవన్నీ మీకు తెలిసినవే. తెలియనిది ఒకటి చెప్తా, సిగ్నల్ సరిగ్గా లేనిచోట కాల్ కలవకపోయినా మెసేజ్ పోయే ఛాన్స్ ఉంటుంది, ఎమర్జెన్సీ నంబర్ 999కి మెసేజ్ పంపాలంటే ముందే నంబర్ రిజిస్టర్ చేసుకోవాలి, 'రిజిస్టర్' అనే ఇంగ్లిష్ మాట టైప్ చేసి 999కి పంపితే వాళ్ళే ఏం చేయాలో చెప్తారు, ఇంట్లో ఉండగానే చేసుకోండి. కొండ మీద ప్రమాదమైతే 999కి చేసి ముందు పోలీస్ అనండి, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. వాళ్ళు వాలంటీర్లు, డబ్బులు అడగరు.

పొలంలో అడుగుపెట్టాక

బాణాల రంగులు చూసుకోండి, స్తంభాల మీద, గేట్ల మీద గుండ్రటి బిళ్ళలు కొట్టి ఉంటాయి. పసుపు బాణం ఫుట్‌పాత్, నీలం బ్రైడిల్‌వే, ఎరుపు బైవే. ఓక్ కాయ బొమ్మ ఉంటే మీరు నేషనల్ ట్రైల్, అంటే పెన్నైన్ వే లాంటి దూరపు కాలిబాట మీద ఉన్నారని. బాణం ఏ కోణంలో తిరిగి ఉందో ఆ కోణంలోనే పొలం దాటాలి, చాలాసార్లు అటు చివర గేటు కనపడదు, అయినా బాణం చూపించిన వైపే పోండి, కంగారుపడి గట్టు వెంబడి పోతే దారి తప్పేది మీరే.

కంచె దాటడానికి రెండు చెక్క మెట్లు పెట్టి ఉంటే దాన్ని స్టైల్ అంటారు. ఒక్కొక్కరే ఎక్కండి, చీరలో, లుంగీలో కష్టం, అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే రూట్‌లో స్టైల్స్ ఎన్ని ఉన్నాయో ముందు చూసుకోండి. ఒక చిన్న గూడులో అటూ ఇటూ ఊగే గేటు ఉంటుంది, కిస్సింగ్ గేట్ అని పేరు, మనిషి పడతాడు, పశువు పట్టదు.

గేటు ఎలా ఉంటే అలా వదలండి. మూసి ఉంటే దాటాక మూయండి, బార్లా తీసి ఉంటే తీసే ఉంచండి. పాపం తెరిచి ఉంది అని మంచితనానికి పోయి మూసేస్తే ఆ గొర్రెలకి నీళ్ళ తొట్టి దగ్గరికి దారి పోవచ్చు. గ్రూప్‌లో పోతే అందరికంటే వెనక ఉన్నవాడికి ఈ డ్యూటీ అప్పజెప్పండి, ముందువాడు వెనకవాడు వేస్తాడనుకుని, వెనకవాడు ఎప్పుడూ తీసే ఉంటుందేమో అనుకుని, ఇలాగే పోతాయి గొర్రెలు.

పంట ఉన్న చేలో దారి చేను మధ్యలోంచి పోతుంటే అందులోంచే నడవండి, తప్పేం లేదు. దున్నినా, విత్తినా దారిని మళ్ళీ చదును చేసి కనపడేలా ఉంచడం రైతు బాధ్యత. ఆ పంటకి మొదటిసారి కదిలిస్తే 14 రోజుల్లో, తర్వాత ఎప్పుడు కదిలించినా 24 గంటల్లో చెయ్యాలి, చేను మధ్య ఫుట్‌పాత్ కనీసం మీటర్ వెడల్పు ఉండాలి. చేను అంచున పోయే దారినైతే అసలు దున్నకూడదు. మన వైపు నుంచి చెయ్యాల్సింది ఒకరి వెనక ఒకరు నడవడం, పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ నలుగురం పోతే ఎనిమిది కాళ్ళ కింద పంట పోతుంది.

ఈ సందర్భంగా ఒక మాట, కోపం తెచ్చుకోకండి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పొలాలు పొలాలే పసుపు పచ్చగా పూస్తాయి, నూనె కోసం వేసే ఆవ జాతి పంట అది. మనవాళ్ళు కారాపి, చీరలు సర్దుకుని, చేలోకి దిగి, రీల్స్ తీసుకుంటారు, నేను కళ్ళారా చూశా, అందులో ఒకసారి నేనూ ఉన్నా. అది ఎవరో రైతు పంట అండి. మన మిరప తోటలోకి ఎవరో టూరిస్టులు దిగి ఫోటోలు దిగితే మన నాన్న ఊరుకుంటాడా. ఫుట్‌పాత్ పోయే చేను చూసుకుని దారి మీద నిలబడి తీసుకోండి, ఫోటోలో తేడా ఏం తెలియదు. అలాగే ఏపుగా పెరిగిన గడ్డి కనిపిస్తే దుప్పటి పరిచేయకండి, చాలాచోట్ల అది చలికాలం మేత కోసం పెంచిన పంట. దారి మీద కాసేపు ఆగొచ్చు, పక్కకి కూర్చుని పులిహోర పొట్లం విప్పొచ్చు, ఫోటో తీసుకోవచ్చు, పిల్లాణ్ణి తోపుడు బండిలో తీసుకెళ్ళొచ్చు, కుక్కని తీసుకెళ్ళొచ్చు. క్రికెట్ ఆడడం, డిస్పోజబుల్ బార్బెక్యూ వెలిగించడం, ఫుట్‌పాత్ మీద సైకిల్ తొక్కడం, ఇవి ఆ హక్కులో లేవు. బార్బెక్యూ అయితే ఎండాకాలంలో కొండకి కొండ అంటుకుంటుంది, అసలే వద్దు.

ఆవులు

దీనికి వేరే హెడ్డింగ్ ఎందుకంటే మనవాళ్ళం ఇక్కడే బోల్తా పడతాం. ఆవు కనిపిస్తే దగ్గరికెళ్ళి నిమరాలనిపిస్తుంది, మా అమ్మ అయితే దణ్ణం కూడా పెట్టింది. మన ఇంటి ఆవుకి రోజూ మనిషి చెయ్యి తగుల్తుంది, మనం దాని మెడ కింద గోకుతాం, అది మన మాట వింటుంది. ఇక్కడ మందల్లో తిరిగే మాంసం జాతి ఆవులకి మనిషి అలవాటు తక్కువ, పక్కన దూడ ఉంటే అసలు నమ్మలేం. ఇక్కడ ఆవులు తొక్కి నడిచేవాళ్ళు చనిపోయిన సంఘటనలు నిజంగా జరిగాయి.

చెయ్యాల్సింది ఏంటంటే, మంద కనిపిస్తే దూరంగా చుట్టూ తిరిగి పోండి, దానికోసం దారి వదిలి కొంచెం పక్కకెళ్ళినా ఎవరూ తప్పనరు. తల్లికీ దూడకీ మధ్యలోంచి మాత్రం పోవద్దు. పరిగెత్తొద్దు, అరవొద్దు. వయసులో ఉన్న కోడెలు సరదాకి వెంటపడతాయి, భయమేస్తుంది గానీ ఆగి వాటి వైపు తిరిగి చేతులు చాపితే చాలావరకు ఆగిపోతాయి. కుక్క మీతో ఉండి ఆవులు మీదకొస్తే, తాడు వదిలేయండి, ఆవు కోపం కుక్క మీదే, అది పరిగెత్తి తప్పించుకుంటుంది, మీరు తప్పించుకోలేరు. గొర్రెల దగ్గర మాత్రం కుక్కని తాడు వదలకూడదు, గొర్రెల్ని తరిమే కుక్కని కాల్చినా కొన్ని పరిస్థితుల్లో రైతుకి చట్టం అడ్డు రాదు.

ఎద్దు కనిపిస్తే? పాడి జాతుల ఎద్దుల్ని, పది నెలలు దాటినవాటిని ఫుట్‌పాత్ ఉన్న పొలంలో వదలకూడదని చట్టం. మాంసం జాతి ఎద్దునైతే ఆవులతో కలిపి వదలొచ్చు. మీకు నాకూ జాతులు ఏం తెలుస్తాయి, దూరంగా పోండి.

దారి లేకుండా ఎటైనా తిరగగలిగే చోట్లు

మ్యాప్‌లో పసుపు పూసిన ప్రాంతం గురించి చెప్తానన్నా కదా. 2000లో వచ్చిన చట్టంతో, అది 2005 నాటికి ఇంగ్లండ్, వేల్స్ అంతటా అమల్లోకి వచ్చింది, కొండలు, మూర్లు (చెట్లు లేని ఎత్తైన బీళ్ళు), హీత్‌లు (పొదల బీళ్ళు), సున్నపు గుట్టల మీది గడ్డి నేలలు, రిజిస్టర్ అయిన కామన్ ల్యాండ్ (ఊరుమ్మడి హక్కులున్న నేల), వీటిలో దారితో పని లేకుండా నడవొచ్చు. ఇంగ్లండ్ నేలలో ఇది సుమారు 8 శాతం. నేల మీద గుర్తు, గోధుమ రంగు వలయంలో కొండల మీద నడుస్తున్న మనిషి బొమ్మ. అదే బొమ్మకి అడ్డంగా గీత ఉంటే అక్కడితో అయిపోయిందని.

ఇక్కడ నడవొచ్చు, పరిగెత్తొచ్చు, రాళ్ళెక్కొచ్చు, పక్షుల్ని చూడొచ్చు. సైకిల్, గుర్రం, టెంట్, చెరువులో ఈత మాత్రం ఈ హక్కులో రావు. మార్చి 1 నుంచి జూలై 31 దాకా పక్షులు నేల మీద గూళ్ళు పెడతాయి కాబట్టి కుక్కకి రెండు మీటర్ల లోపు తాడు తప్పనిసరి. ఓనర్‌కి ఏడాదిలో 28 రోజులు మూసేసే వీలుంది, పోయే ముందు నేచురల్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థ సైట్‌లో ఆ కొండ మూసి ఉందేమో ఒకసారి చూడండి. మిలిటరీ ప్రాంతంలో ఎర్ర జెండా ఎగురుతుంటే ఏ మ్యాప్ ఏం చెప్పినా లోపలికి పోవద్దు.

ఈ 8 శాతం కూడా ఊరికే రాలేదు. ఇందాక చెప్పిన కిండర్ కొండ అప్పట్లో దొరల గ్రౌస్ పక్షుల వేటకి, జనానికి ప్రవేశం లేదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లుల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసే కుర్రాళ్ళు సుమారు 400 మంది హేఫీల్డ్ నుంచి బయల్దేరి కావాలనే కొండెక్కారు, ముందుండి నడిపించిన బెన్నీ రోత్‌మన్‌కి అప్పుడు 20 ఏళ్ళు. కాపలావాళ్ళతో తోపులాట అయింది, ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల జైలు పడింది. తమాషా ఏంటంటే జైలు ట్రెస్‌పాస్‌కి, అంటే పర్మిషన్ లేకుండా పరాయి నేలలోకి పోయినందుకు కాదు, అల్లర్లు, దాడి అని వేరే కేసులు పెట్టారు, ఎందుకంటే ఒకరి కొండెక్కడం అప్పుడు కూడా క్రైమ్ కాదు. డెబ్భై ఏళ్ళ తర్వాత, 2002లో, ఆ దొరల్లో ఒకాయన మనవడు, అప్పటి డెవన్‌షైర్ డ్యూక్ వచ్చి మా తాత చేసింది తప్పు అన్నట్టుగా అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. ఈడేల్ వైపు నుంచి పైకెక్కినప్పుడు ఇది గుర్తుచేసుకోండి, మోకాళ్ళ నొప్పులు కాస్త తగ్గుతాయి.

ఎవరైనా ఆపితే, దారి మూసి ఉంటే

ఇప్పుడు వీసా భయం సంగతి. పచ్చ గీత మీద ఉన్నంతసేపు మీరు ఏ తప్పూ చెయ్యట్లేదు, ఎవరు అరిచినా సరే. గీత తప్పి పక్క చేలోకి పోతే అది ట్రెస్‌పాస్, ఇంగ్లండ్‌లో మామూలుగా అది సివిల్ వ్యవహారం, క్రైమ్ కాదు. ట్రెస్‌పాసర్స్ విల్ బీ ప్రాసిక్యూటెడ్ అని బోర్డులు చూస్తారు, వాటిలో చాలావరకు బెదిరింపే. అయితే రైల్వే పట్టాలు, మిలిటరీ స్థలాలు, అణు కేంద్రాల్లాంటి చోట్ల నిజంగానే క్రైమ్, పరాచికాలొద్దు. ఓనర్ వెళ్ళమన్నాక వెళ్ళకుండా మొండికేసి, వాళ్ళ పనికి అడ్డంపడితే అది కూడా క్రైమ్ అవ్వొచ్చు.

కాబట్టి ఎవరైనా ఆపితే ముందు నవ్వండి, హలో చెప్పండి, మ్యాప్ చూపించి ఫుట్‌పాత్ ఇదేనా అని అడగండి. పదిలో తొమ్మిదిసార్లు అదిగో ఆ చెట్టు పక్కనుంచి అని వాళ్ళే దారి చూపిస్తారు. మీరు తప్పి వచ్చారని తేలితే సారీ చెప్పి దగ్గరి దారిలో బయటికి పోండి. మీరు కరెక్టే అయినా మనిషి మరీ కోపంగా ఉంటే గొడవ పడకండి, టైమ్, చోటు రాసుకుని వెనక్కి రండి, మిగతాది కౌన్సిల్ చూసుకుంటుంది.

నాకు ఒకసారి ఇలా అయింది. ఆగస్టులో మ్యాప్ ప్రకారం దారి ఉండాల్సిన చోట తలెత్తు మొక్కజొన్న, లోపలికి పోతే ఆకాశం తప్ప ఏం కనపడట్లేదు. అలాంటప్పుడు రెండు పనులు చెయ్యొచ్చు, ఒకటి దారి మీదే తోసుకుంటూ పోవడం, రెండోది అడ్డు చుట్టూ కొంచెం తిరిగి పోవడం. దారికి అడ్డంగా ముళ్ళతీగో కొమ్మో ఉంటే మీరు పోవడానికి సరిపడా మాత్రం తప్పించుకోవచ్చు, కానీ ఇంటి నుంచి కత్తెర పట్టుకుని అదే పనిగా కొయ్యడానికి పోకూడదు. నేను చుట్టూ తిరిగి పోయి, ఇంటికొచ్చాక కౌన్సిల్ వెబ్‌సైట్‌లో రైట్స్ ఆఫ్ వే పేజీ వెతికి, మ్యాప్ మీద చుక్క పెట్టి, మూడు ఫోటోలు ఎక్కించి పంపా. ఆటోమేటిక్ మెయిల్ ఒకటొచ్చింది, తర్వాత చప్పుడు లేదు. మన మండలాఫీసు లాగే ఉందే అనుకున్నా. ఐదు వారాలకి మళ్ళీ అటు పోతే చేను మధ్యలో మీటరున్నర వెడల్పున నరికి, నున్నగా దారి ఉంది. ఫిర్యాదులో దారి నంబర్ రాస్తే పని తొందరగా అవుతుంది, ప్రతి దారికీ డెఫినిటివ్ మ్యాప్‌లో ఒక నంబర్ ఉంటుంది. హక్కు దారి మీద జనాన్ని భయపెట్టి ఆపేలా అబద్ధపు బోర్డు పెట్టడం కూడా నేరమే, అలాంటిది కనిపిస్తే దాని ఫోటో కూడా పంపండి.

టెంట్ వేసుకోవాలంటే

ఇంగ్లండ్, వేల్స్‌లో ఓనర్ పర్మిషన్ లేకుండా టెంట్ వెయ్యకూడదు. లేక్ డిస్ట్రిక్ట్‌లో ఎత్తు మీద, ఆఖరి రాతి గోడ దాటాక, చీకటి పడ్డాక వేసి తెల్లారేసరికి తీసేస్తే చూసీ చూడనట్టు ఊరుకుంటారు, అది అలవాటు, హక్కు మాత్రం లేదు. ఒక్క డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతం మినహాయింపు. 1985లో అక్కడి కామన్ ల్యాండ్ కోసం చేసిన చట్టంలో ఆరుబయట వినోదం అన్న మాట ఉంది, టెంట్‌లో పడుకోవడం అందులోకి వస్తుందా రాదా అని పెద్ద కేసు నడిచింది. 2023 జనవరిలో హైకోర్టు రాదంది, అదే ఏడాది జూలైలో అప్పీల్ కోర్టు వస్తుందంది, 2025 మేలో సుప్రీంకోర్టు కూడా వస్తుందనే తేల్చింది. అయితే అది వీపు మీద మోసుకుపోయే చిన్న టెంట్‌కి, పదిమంది ఫ్యామిలీ టెంట్‌కి కాదు, మంట వెయ్యకూడదు, ఎక్కడెక్కడ వెయ్యొచ్చో నేషనల్ పార్క్ వాళ్ళ మ్యాప్ ఉంది, చూసుకుని పోండి.

స్కాట్లాండ్ అయితే

ఇక్కడ 2003 చట్టం, 2005 ఫిబ్రవరి నుంచి అమలు. నడక, సైకిల్, గుర్రం, పడవ, ఈత, చిన్న టెంట్, అన్నీ ఓకే, నేల మీదా ఓకే, నీళ్ళ మీదా ఓకే. షరతు ఒకటే, బాధ్యతగా ఉండాలి, ఆ బాధ్యత ఏంటో యాక్సెస్ కోడ్ అని వివరంగా రాసిపెట్టారు. పోకూడనివి: ఇళ్ళు, వాటి చుట్టూ తోట, స్కూళ్ళు, కట్టడాలు జరిగే చోట్లు, టికెట్ పెట్టిన చోట్లు, పంట వేసిన చేను (అంచు వెంబడి పోవచ్చు). గోల్ఫ్ కోర్స్ దాటొచ్చు, గ్రీన్ (బంతి వేసే గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) మీద మాత్రం కాలు పెట్టకూడదు. కారు, బైక్ ఈ హక్కులో లేవు, కారులో పడుకోవడం కూడా లేదు. చేపలు పట్టడం, వేట అసలు లేవు. ఓఎస్ మ్యాప్‌లో ఇక్కడ పచ్చ గీతలు వెతక్కండి, ఉండవు.

టెంట్ అయితే కొద్దిమంది, ఒకచోట రెండు మూడు రాత్రులు, ఇళ్ళకీ రోడ్లకీ దూరంగా. మనవాళ్ళు ఎక్కువ పోయే లోక్ లోమండ్ దగ్గర మాత్రం రూల్ వేరు, మార్చి 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా చెరువు ఒడ్డున చాలా చోట్ల పర్మిట్ తీసుకోవాలి, ముందే బుక్ చేసుకోండి. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా కొండల మీద జింకల వేట జోరుగా ఉంటుంది, దారి మొదట్లో కాగితం అంటించి ఈ రోజు ఇటు రావద్దు అని ఉంటే ఆ మాట వినండి, తుపాకీ విషయం కదా.

నీళ్ళ గురించి ఒకటి గట్టిగా చెప్తా. నీళ్ళలోకి దిగే హక్కుందంటే దిగితే ప్రమాదం లేదని కాదు. 2024 ఏప్రిల్‌లో లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర మన ఆంధ్ర విద్యార్థులు ఇద్దరు చనిపోయారు. ఏప్రిల్, మేలో ఎండ చూసి వేసవి వచ్చేసిందనుకుంటాం, నీళ్ళు మాత్రం ఇంకా మంచులానే ఉంటాయి, పడగానే ఊపిరి బిగుసుకుపోతుంది, గోదావరిలో ఈదినవాడికైనా చేతులు ఆడవు. జారే రాళ్ళున్న చోట సెల్ఫీకి అంచు దాకా పోకండి.

ఇక వేసవిలో మిడ్జెస్ అనే కుట్టే చిన్న పురుగులు, మన దోమలు వీటి ముందు ఎంతో నయం, కంటికి సరిగ్గా కనపడవు గానీ గుంపుగా మీద పడతాయి, తలకి వేసుకునే వల ఐదారు పౌండ్లకి దొరుకుతుంది, నవ్వుతారని మానేయకండి. ఇంటికొచ్చాక పిడుదుల కోసం ఒళ్ళంతా చూసుకోండి, ఇంగ్లండ్ అయినా స్కాట్లాండ్ అయినా. మోకాలి వెనక, చంకల్లో, నడుం పట్టీ దగ్గర, పిల్లలకైతే జుట్టులో కూడా. దొరికితే సన్న మొన ఉన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని మెల్లగా పైకి లాగండి, కిరసనాయిలు, అగ్గిపుల్ల వైద్యాలు వద్దు. ఆ తర్వాత కొన్ని వారాల్లో అక్కడ గుండ్రంగా ఎర్రమచ్చ పెరుగుతుంటే జీపీకి (మీ ఏరియా డాక్టర్‌కి) ఫోన్ చేసి, పిడుదు కుట్టింది, పలానా రోజు పలానా కొండకి పోయా అని చెప్పండి.